ఈ ఎద్దు ఎవరిది?

కలమల్ల నుంచి ముద్దనూరు పోయే దారిలో థర్మల్ కేంద్రం లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఆ దారి పక్కన మీకు మూడెకరాల చేను ఉందనుకుందాం. రేకుల కొట్టం వేసి, నీళ్ల తొట్టి కట్టించి, ముసలి పశువులనూ దెబ్బతిన్న పశువులనూ చేరదీస్తున్నారు. ఊళ్లో మంచి పేరే వచ్చింది.

ఒకే వారంలో మీ వాకిటికి మూడు రకాల జీవాలు వచ్చాయి. సోమవారం పక్క ఊరి రైతు తన ముసలి ఎద్దును తోలుకొచ్చాడు. "ఇక దీన్ని మేపలేను, కటికోళ్లకు అమ్మడానికి చేతులు రావు, నువ్వే పెట్టుకో నాయనా" అని పలుపు మీ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. బుధవారం రాత్రి పోలీసులు లారీలో కుక్కి తీసుకెళ్తున్న పదకొండు పశువులను పట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక మీ కొట్టంలో దించారు. శుక్రవారం బడిపిల్లలు గోతంసంచిలో నక్షత్ర తాబేలును పట్టుకొచ్చారు.

అన్నిటికీ మీరు చేసే పని ఒక్కటే. మేత వేస్తారు, నీళ్లు పెడతారు, డాక్టరును పిలుస్తారు. చట్టానికి మాత్రం ఇవి పొంతన లేని మూడు వ్యవహారాలు. ఎద్దు మీది కావచ్చు, లారీ పశువులు కోర్టు ఆధీనంలోవి, తాబేలు సర్కారుది. జంతు సంరక్షణ కేంద్రం నడపడంలో ఉండే రిజిస్టర్లు, అఫిడవిట్లు, అనుమతులు అన్నీ చివరికి రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. ఈ జీవం ఎవరిది? దాని మేత ఖర్చు ఎవరిది?

కొత్త ప్రశ్నలేమీ కావివి. మన ఊళ్లలో బందెలదొడ్డి ఉండేది, పెద్దవాళ్లకు గుర్తుంటుంది. చేలో పడి మేసిన గొడ్డును అక్కడ కట్టేసేవారు. దాని వెనక 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం ఉంది. పట్టుకున్న పశువును 24 గంటల్లో దొడ్డికి చేర్చాలి. ఎన్ని పశువులు, ఎలాంటివి, ఏ రోజు, ఏ గంటకు వచ్చాయి, పట్టుకున్నది ఎవరు, తెలిస్తే యజమాని ఎవరు, ఇవన్నీ దొడ్డి కాపరి రిజిస్టరులో రాయాలి. మేతా నీళ్లూ అతని బాధ్యతే. ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు స్టేషనుకు తెలపాలి. వాళ్లు నోటీసు అంటించాలి. మరో ఏడు రోజులు చూసి బహిరంగ వేలం వేయాలి. నూట యాభై ఏళ్ల కిందటి ఆ దొడ్డి కాపరి రిజిస్టరులో ఉన్న గళ్లు ఇప్పటి గోశాల రిజిస్టరులోనూ ఉండాల్సినవే. తేడా ఒకటే, దొడ్డిలో కథ వేలంతో ముగిసేది. మీ దగ్గర ముగియదు. ఎద్దు ఇంకో పదేళ్లు బతకవచ్చు.

ముందుగా ఆ ఎద్దు సంగతే చూద్దాం. రైతు పలుపు చేతికిచ్చాడు కాబట్టి అది దానం. కదిలే ఆస్తిని దానం చేయడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అప్పగిస్తే చాలు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ఆ మాటే చెబుతుంది. కానీ అప్పగించినట్టు రుజువు? ఆర్నెల్ల తర్వాత రైతు కొడుకు బెంగళూరు నుంచి వచ్చి "మా ఎద్దును ఎవరిని అడిగి తెచ్చుకున్నావు?" అంటే చూపించడానికి ఏముంది? అందుకే అరఠావు కాగితం రాయించుకోవాలి. ఇచ్చినవారి పేరు, ఊరు, తేదీ, పశువు రంగు, కొమ్ముల తీరు, ఒంటి మీది గుర్తులు, చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఫొటో తీసుకుంటే మరీ మంచిది. ఇంకొక మాట కూడా అడగాలి, అడగడానికి మొహమాటపడకూడదు: "దీని మీద బ్యాంకు అప్పు ఉందా? ఇన్సూరెన్సు ఉందా?" అప్పు మీద కొన్న గొడ్డు మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది. దాన్ని దానంగా తీసుకుంటే రైతు చిక్కు మీ చిక్కవుతుంది.

పలుపు పట్టుకుని ఎవరూ రాలేదు, గొడ్డే దారి తప్పి వచ్చిందనుకోండి. అప్పుడు అది మీది కాదు. పంచాయతీకీ పోలీసులకూ రాతపూర్వకంగా తెలిపి, ఆ కాగితం నకలు మీద వాళ్ల ముద్ర వేయించుకోవాలి. ఇది చేయకుండా దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తే, రేపు యజమాని వచ్చి దొంగతనం కేసు పెట్టవచ్చు.

మరి అచ్చోసి వదిలిన ఆంబోతు? మన సామెతలో దానికి అడిగేవాడు లేడు. కోర్టుల్లో మాత్రం ఆ ప్రశ్న నిజంగానే నడిచింది. పితృకార్యంలో అచ్చువేసి వదిలేసిన ఆంబోతుకు యజమాని అంటూ ఎవరూ ఉండరు కాబట్టి దాన్ని దొంగిలించడం అనే మాటే రాదని 1885లో అలహాబాదు హైకోర్టు అంది. కొన్నేళ్లకే మద్రాసు హైకోర్టు ముందుకు ఇంకో ఆంబోతు వచ్చింది. అది గుడికి వదిలినది. ఊరంతా తిరుగుతున్నా దాని హక్కు గుడి ధర్మకర్తలదేనని ఆ కోర్టు చెప్పింది. మన కడప జిల్లా అప్పట్లో మద్రాసు కిందే ఉండేది. కాబట్టి ఏ గుడి పేరు మీదైనా వదిలిన కోడె మీ కొట్టంలోకి వస్తే, ఆ గుడి ధర్మకర్తలతోనో దేవదాయ శాఖ అధికారితోనో ఒక ఉత్తరం రాయించుకోవడం చాదస్తం కాదు.

ఇక లారీ పశువులు. ఎక్కువ కేంద్రాలు దెబ్బతినేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం సరుకు లారీలో ఆరుకు మించి పశువులను ఎక్కించకూడదు. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. పదకొండింటిని కుక్కితే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేసు. ఆ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకు తగ్గకుండా, యాభై రూపాయలకు మించకుండా. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. నేరస్థుడికి పడేది యాభై రూపాయలు, ఆ కేసు నడిచినన్నాళ్లూ పదకొండు పశువులకు మేత వేసే మీకు పడేది లక్షలు. ఈ అన్యాయం చట్టంలోనే ఉంది.

పోలీసులు దించి వెళ్లినంత మాత్రాన ఆ పశువులు మీవి కావు. అవి కేసు ఆస్తి. స్టేషనులో ఉన్న దొంగసొమ్ము గొలుసు ఎలాంటిదో ఇవీ అలాంటివే, గొలుసుకు ఆకలి వేయదు, అంతే. అందుకే మొదటి గంటలో పట్టుబట్టి తీసుకోవాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. ఎఫ్ఐఆర్ నకలు, ఎన్ని పశువులు అప్పగించారో రాసి ఎస్ఐ సంతకం చేసిన రసీదు, దించిన రోజే పశువైద్యుడు ఇచ్చిన నివేదిక. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. లారీలో తొక్కిసలాటకు కాలు విరిగి వచ్చిన గేదె మూడో రోజు చనిపోతే, అది మీ కొట్టంలో చనిపోయినట్టే లెక్కకు వస్తుంది. వచ్చేటప్పటికే కాలు విరిగి ఉందని చెప్పే కాగితం లేకపోతే మీరే సమాధానం చెప్పుకోవాలి. ఈ ప్రాంతానికి ఒక వెసులుబాటు ఉంది. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. కాలు విరిగిన గొడ్డును చూపించడానికి తిరుపతి దాకా పోనక్కర్లేదు.

తర్వాత మేజిస్ట్రేటు కోర్టు. కేసు తేలేదాకా పశువులు ఎవరి దగ్గర ఉండాలో తేల్చేది అక్కడే. యజమాని కూడా వెంటనే పిటిషన్ వేస్తాడు, "నా పశువులు నాకు ఇప్పించండి" అని. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 451గా అందరికీ నోరు తిరిగిన సెక్షను ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 497 అయింది. గుజరాత్‌లోని పశువులకు ఆశ్రయమిచ్చే ఒక పింజ్రాపోల్‌కు సంబంధించిన కేసులో 1998లో సుప్రీంకోర్టు చెప్పిన కొలతలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నేరం ఎంత తీవ్రమైనది, అతనికి ఇదే మొదటిసారా, దొరికినప్పుడు పశువుల ఒంటి స్థితి ఎలా ఉంది, తిరిగిస్తే మళ్లీ హింసకు గురయ్యే అవకాశం ఉందా అన్నవి చూడమంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్న యజమానికి ఎక్కువ హక్కు ఉంటుందని కూడా అంది. అంటే కోర్టు మీకే అప్పగిస్తుందన్న భరోసా ఏమీ లేదు. పశువైద్యుడి నివేదిక బలం ఇక్కడే తెలుస్తుంది.

మేత డబ్బు మాటకు వస్తే, 2017 మే నెలలో కేంద్రం కేసు ఆస్తి జంతువుల సంరక్షణ నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం మేజిస్ట్రేటు కేసు నడిచేటప్పుడే పశువులను గోశాలకో సంక్షేమ సంస్థకో అప్పగించవచ్చు. మేత, మందులు, రవాణా ఖర్చుకు నిందితుడి చేత, లారీ యజమాని చేత బాండు రాయించవచ్చు. నేరం రుజువైతే పశువులు సంస్థకే చెందుతాయి. కేసు కొట్టేస్తే యజమానికి తిరిగి ఇవ్వాలి. ఖర్చు ఇప్పించమని అడగకుండా ఎవరూ ఇప్పించరు కాబట్టి, రోజుకు ఒక్కో పశువుకు ఎంత అయిందో లెక్క రాసి, కోర్టులో పిటిషన్ వేసుకోవాలి. చొప్ప మోపుల బిల్లులు దాచిపెట్టిన వాడికే ఇది సాధ్యం. మరో చిక్కు, మూల చట్టమైన 1960 చట్టంలోని 29వ సెక్షను ప్రకారం నేరం రుజువయ్యాకే యజమాని హక్కు పోతుంది. కొత్త నియమాలు దానికి పొసగడం లేదని 2021 జనవరిలో అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే ధర్మాసనం అభ్యంతరం తెలిపింది. లాయరు లేకుండా ఈ దారిలో నడవవద్దని నా సలహా.

కేసు తేలేదాకా ఆ పదకొండింటిలో ఒక్కదాన్నీ ఎవరికీ ఇవ్వకూడదు, అమ్మకూడదు. దూడ పుడితే అదీ రాయాలి. చనిపోతే పోస్టుమార్టం చేయించి, కాగితం స్టేషనుకూ కోర్టుకూ పంపాకే పూడ్చాలి.

తాబేలు విషయం చిన్నది, శిక్ష మాత్రం పెద్దది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం అడవి జంతువు సర్కారు ఆస్తి. ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారికో తెలపాలి, అడిగితే అప్పగించాలి. నక్షత్ర తాబేలును 2022 సవరణ మొదటి షెడ్యూలులోకి ఎక్కించింది. ఆ షెడ్యూలులోని జీవిని అక్రమంగా పెట్టుకుంటే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. "పాపం, పిల్లలు తెచ్చారు, తొట్టిలో వేశాను" అన్న మాట కోర్టులో చెల్లదు. పిల్లలను మెచ్చుకుని, ఆ రోజే ఫారెస్టు వాళ్లకు ఫోను చేయండి.

అడవి జంతువులకు కూడా ఆశ్రయం ఇస్తానంటే అది పూర్తిగా వేరే కథ. దానికి కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికార సంస్థ గుర్తింపు కావాలి. మన రాష్ట్రంలో దానికి నిలువెత్తు ఉదాహరణ ఉంది. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించడాన్ని కేంద్రం 1998 అక్టోబరులో నిషేధించింది. సర్కస్ కంపెనీలు కోర్టుకు వెళ్లినా 2001లో సుప్రీంకోర్టు నిషేధాన్ని సమర్థించింది. మరి ఆ సింహాలు ఎక్కడికి పోవాలి? అడవిలో వదిలితే వేట రాదు. జూలో కలిపితే సంకర జాతి. అందుకే దేశంలో కొన్ని చోట్ల ప్రత్యేక సంరక్షణ కేంద్రాలు పెట్టారు. వాటిలో రెండు తిరుపతి, విశాఖపట్నం జూలలోనే ఉన్నాయి. సందర్శకులకు చూపించరు, పిల్లలు పుట్టనివ్వరు. ఒక్కొక్కటిగా ముసలివై పోయేదాకా మేపడమే పని. ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలిసి, అప్పటిదాకా ఖర్చుకు హామీ పెట్టుకుని మొదలుపెట్టిన ఏర్పాటు అది. మూడెకరాల కొట్టానికి అంత హామీ ఎవరిస్తారు?

చాలామంది బోర్డు మీద ‘అభయారణ్యం’ అని రాయించుకోవాలని మురిసిపోతారు. రాసుకున్నంత మాత్రాన కాదు. అభయారణ్యాన్ని ప్రకటించేది ప్రభుత్వం. ముందు ఉద్దేశం ప్రకటించాలి, ఆ నేల మీద ఎవరికి మేత హక్కు, దారి హక్కు ఉన్నాయో కలెక్టరు విచారించాలి, తర్వాతే తుది ప్రకటన. మన జిల్లాలోని శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం 1988లో అలా వచ్చింది. 1900 తర్వాత కనిపించకుండా పోయిందనుకున్న కలివికోడి 1986 జనవరిలో ఈ జిల్లాలోనే తిరిగి దొరకడమే దానికి కారణం. తర్వాత తెలుగుగంగ కాలువ పనులు ఆ పిట్ట తావుల్లోకి వచ్చినప్పుడు గొడవై కాలువ దారినే మార్చాల్సి వచ్చింది. జానెడు పిట్ట కాలువను పక్కకు జరపగలిగిందంటే ఆ నేలకు ప్రకటన కాగితం ఉండబట్టే.

నేల ప్రస్తావన వచ్చింది కాబట్టి మీ మూడెకరాల సంగతి. అది డీకేటీ పట్టా భూమైతే, అంటే సర్కారు అసైన్ చేసినదైతే, జాగ్రత్త. అసైన్డు భూముల బదిలీని నిషేధించే 1977 చట్టం ఉంది. 2023లో దానికి సడలింపులు తెచ్చారు, ఆ తర్వాత వాటి మీద విచారణలూ నడిచాయి. తహసీల్దారు కార్యాలయంలో రికార్డు చూసుకోకుండా కొనవద్దు. ఊరి పశువుల బీడు ఖాళీగా ఉంది కదా, పశువులకే కదా అని అక్కడ కొట్టం వేయడం ఇంకా పొరపాటు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని 2011లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. గోవు పేరు చెప్పినా ఆక్రమణ ఆక్రమణే.

ఇక సంస్థ. వ్యక్తి పేరు మీద ఎంతకాలం నడిపితే అంతకాలం అన్ని చిక్కులూ ఆ వ్యక్తివే. ట్రస్టు పెడితే సబ్ రిజిస్ట్రారు దగ్గర దస్తావేజు రిజిస్టరు చేయించాలి. సొసైటీ అయితే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఏటా కార్యవర్గం జాబితా దాఖలు చేయాలి. ఇంట్లోవాళ్లతోనే ఏడుగురిని నింపి, తర్వాత అన్నదమ్ములు విడిపోయినప్పుడు పశువులను కూడా పంచుకోబోయిన సంస్థ ఒకదాన్ని నేను చూశాను. బయటివాళ్లను, ముఖ్యంగా ఒక పశువైద్యుణ్ణి, లెక్కలు తెలిసిన ఒక రిటైర్డు ఉద్యోగిని చేర్చుకుంటే గొడవలు తగ్గుతాయి. రిజిస్ట్రేషన్ తర్వాత భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు. 1962లో రుక్మిణీదేవి అరండేల్ నాయకత్వంలో మద్రాసులో మొదలైన ఆ మండలి ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. కొట్టానికీ అంబులెన్సుకూ గ్రాంటు అడగాలంటే ఆ గుర్తింపు కావాలి. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయాలన్నా 2023 నియమాల ప్రకారం అదే గుర్తింపు. బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాక, కుక్కలకు చోటు చూపించమని మున్సిపాలిటీలు మీలాంటివాళ్ల వైపు చూస్తాయి. ఒప్పుకునే ముందు తిండి ఖర్చు ఒప్పందంలో రాయించుకోండి.

డబ్బు దగ్గర పల్లెటూరి అలవాటుకూ పన్ను చట్టానికీ పడదు. జొన్నచొప్ప, శెనక్కాయ కట్టె అమ్మే రైతు నోట్లే అడుగుతాడు. పన్ను మినహాయింపు పొందిన సంస్థ ఒకే రోజు ఒకే మనిషికి పదివేలు దాటి నగదు ఇస్తే అది మామూలుగా ఖర్చుగా లెక్కకు రాదు. దాతకు పన్ను రాయితీ కావాలంటే రెండువేలు దాటిన విరాళం నగదుగా తీసుకోకూడదు. ఏటా వచ్చినదానిలో 85 శాతం ఖర్చు పెట్టాలి. పాలూ పేడ పిడకలూ అమ్ముకోవచ్చు, కానీ వ్యాపార రాబడి మొత్తంలో ఐదో వంతు దాటితే మామూలుగా మినహాయింపుకే ఎసరు. 12ఏబీ, 80జీ అని మనం బట్టీపట్టిన సెక్షన్ల అంకెలు కొత్త ఆదాయపు పన్ను చట్టంతో 2026 ఏప్రిల్ నుంచి మారాయి, పాత ఫారాలు వాడకండి.

కడప జిల్లాలో కువైట్ పోని ఇల్లు వెతకాలి. కువైట్‌లో పనిచేసే మన ఊరివాడు భారత పౌరుడే కాబట్టి, తన జీతం నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ పంపే వంద డాలర్లు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్ఏ అనుమతీ, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా లేకుండా ముట్టకూడదు. ఇద్దరూ ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని చందా రాయించుకోమంటారు. పాస్‌పోర్టు రంగు అడగక తప్పదు.

అన్నిటికన్నా బరువైన రిజిస్టరు చావులది. 2025 ఏప్రిల్‌లో తిరుపతిలో తితిదే గోశాలలో మూడు నెలల్లో వందకు పైగా ఆవులు చనిపోయాయని దేవస్థానం మాజీ అధ్యక్షుడు ఆరోపించారు, దేవస్థానం ఖండించింది. రెండు పక్షాలూ వాదించుకున్నది అంకెల మీదే. ముసలి, జబ్బు పశువులను తీసుకునే చోట చావులు ఉంటాయి. దాచడానికేమీ లేదు. ఏ రోజు, ఏ పశువు, వచ్చినప్పుడు వయసెంత, ఏం జబ్బు, ఏ మందు వాడారు, ఎవరు చూశారు, ఎక్కడ పూడ్చారు అన్నవి అదే రోజు రాస్తే చాలు. నెలాఖరున కూర్చుని గుర్తు చేసుకుని రాసిన రిజిస్టరును ఏ అధికారైనా సిరా రంగు చూసి పట్టేస్తాడు.

ట్రస్టు దస్తావేజులో ఎవరూ రాయడానికి ఇష్టపడని షరతు ఒకటుంది. ఈ సంస్థ మూతపడితే పశువులు ఎక్కడికి పోవాలి? కలమల్ల చెన్నకేశవాలయంలోని శాసనం అందరికీ తెలిసిందే. క్రీ.శ. 575 ప్రాంతంలో రేనాటి చోళుడు ధనంజయుడి నాటిది, ఇప్పటికి దొరికిన తొలి తెలుగు శాసనం. మధ్యలో అక్షరాలు పోయినా, చివర పంచమహాపాతకాల ప్రస్తావన మిగిలింది. రాసిన మాటను చెరిపేవాడికి పాపం చుట్టుకుంటుందని బెదిరించడమే అప్పటి పూచీకత్తు. మీ దస్తావేజులో పాపం రాస్తే సబ్ రిజిస్ట్రారు నవ్వుతాడు. దాని బదులు, పశువులను తీసుకోవడానికి ఒప్పుకున్న మరో గోశాల పేరు, వాళ్ల సమ్మతి పత్రం, ఏడాది మేతకు సరిపడా డిపాజిట్ రసీదు జత చేయండి.